ఎముకల తాత

మా ఇంటికి ఆ ఎముకల మనిషిని తెచ్చింది మా ఆయనే. రాయగడ బజారులో మాకు పప్పులు, నూనెల హోల్‌సేల్ కొట్టు ఉండేది. పక్కనే సీడీలు అద్దెకిచ్చే షాపు. పిల్ల మారాం చేస్తోందని ఓ కార్టూన్ సినిమా పట్టుకొచ్చి, అందులో ఏముందో చూడకుండా పెట్టేసి, తను కొట్టుకు పోయారు. ఆ తర్వాత పడ్డదంతా నేనే.

సినిమా నిండా దయ్యాలు. వాటికి పెద్ద ఒక పొడుగాటి అస్థిపంజరం. నల్ల కోటు, గుండ్రటి పుర్రె, పుల్లల్లాంటి కాళ్ళు. ఏటేటా జనాన్ని జడిపించే పండగ చేసి చేసి విసుగెత్తి, వేరేవాళ్ళ క్రిస్మస్ మీద పడతాడు. పనిలేని మహారాజు! ఆరేళ్ళ పిల్ల జడుసుకుంటుందేమో అనుకుంటే, అది వాడి మీద మనసు పారేసుకుంది. గోడల మీద, పొట్లాల కాగితాల మీద, అప్పుడే కడిగిన గచ్చు మీద ఎక్కడ చూసినా వాడే. తుడవలేక నా చేతులు పడిపోయేవి.

అక్కడితో ఆగినా బాగుండును. ఒకరోజు ఆ బొమ్మ కాగితం తెచ్చి మా అత్తగారి ఒళ్ళో పెట్టి, "నాన్నమ్మా, తాత!" అంది.

మామగారు ఆ వేసవిలోనే పోయారు. ఆయనా సన్నగా, పొడుగ్గానే ఉండేవారు.

"సచ్చినోల్ల బొమ్మలేటే ఇంట్లో? నీ కూతురికి బుద్ధి సెప్పుకోలేవేటి?" అని అత్తగారు నా మీద లేచారు. పిల్లకేసి తిరిగి, "తాత దేవుడి కాడికెల్లిపోయేడమ్మీ. ఇలాగుండడు" అన్నారు.

"మరెలాగుంటాడు?"

ఆవిడ కోపం మళ్ళీ నా మీదికే తిరిగింది. కాగితం చింపబోతే పిల్ల ఏడుపు, ఉంచితే అత్తగారు అన్నం మానెయ్యడం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఇంతలో దీపావళి వచ్చింది. మనిషి పోయిన ఏడు మా ఇళ్ళల్లో పండగ లేదు. వాకిట్లో దీపాలు పెట్టం, పిండివంట వండం, ఒకరి ఇంటి పండక్కి వెళ్ళం. ఇది పిల్లకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

సందెవేళ చూస్తే పిల్ల ఇంట్లో లేదు. పక్కింటి ఒడియావాళ్ళ వాకిట్లో ఉంది. వాళ్ళు దీపావళి సాయంత్రం ముగ్గు చుట్టూ నిలబడి, వెలిగించిన గోగుపుల్లలు పైకెత్తి, పోయిన పెద్దల్ని పిలుస్తారు. చీకట్లో వచ్చి వెలుతురులో వెళ్ళమంటారు. మా పిల్ల చేతిలోనూ ఒక పుల్ల. ముగ్గు మధ్యలో ఆ దిక్కుమాలిన ఎముకల బొమ్మ! "తాతా, రా!" అని అందరికంటే గట్టిగా అరుస్తోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పరుగెత్తి దాని రెక్క పట్టుకున్నాను.

"మాకు ఏడాది మైల కదా మావుసీ, దీన్నెందుకు రానిచ్చేరు?" అన్నాను ఆ ఇంటావిడతో.

"పెద్దల్ని పిలుస్తంది. ఆపకు బొహూ" అందావిడ, నన్ను కోడలా అని పిలుస్తూ.

"మన పండగ లేదు కదమ్మా" అంది పిల్ల, చెయ్యి విడిపించుకుంటూ. "సినిమాలో ఆయన వేరేవోల్ల పండక్కి ఎల్లేడు కదా. తాత కూడా ఈళ్ళ పండక్కి వస్తాడు."

వీపు మీద ఒక్కటి వేద్దామని చెయ్యెత్తేసరికి మా గుమ్మంలో అత్తగారు కనిపించారు. ఎప్పట్నించి నిలబడ్డారో తెలీదు. ఇవాళ నా పని అయిపోయింది అనుకున్నాను. ఈ నాన్నమ్మా మనవరాళ్ళ మధ్య నలిగి నలిగి, ఆ క్షణాన నాకు ఎటైనా పారిపోవాలనిపించింది.

అత్తగారు తలుపు పట్టుకుని ఒక మెట్టు దిగారు.

"అమ్మీ" అన్నారు. "అక్కడ పిలిస్తే ఎలాగే? మీ తాతకి సందసీకట్లో సూపానదు. ఒక పుల్ల ఇటట్టుకురా. మన గుమ్మం ఆయనకి కనబడాల."

పిల్ల కదిలేలోపే మావుసీ చేతిలోని పుల్ల నేనందుకున్నాను.