అత్తయ్య సముద్ర స్నానం, నా వాతావరణ సూచన

తెనాలిలో మా వీధి వీధంతా ఒకసారి నా మాట నమ్మి నాశనమైంది. నాశనమంటే ఇళ్లేమీ కూలలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. అంతకంటే ఘోరం జరిగింది: మా అత్తయ్యకు కాఫీ లేకుండా పోయింది. ఇందులో ఘోరమేముందని మీకు అనిపిస్తే, మీరు మా అత్తయ్యను చూడలేదన్నమాట. చివరిదాకా చదవండి. తరవాత నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను, అలవాటే.

అత్తయ్య మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నా నాలుగో ఏట మా అమ్మ పోయింది. అప్పటినుంచీ నాకు నీళ్లు పోసిందీ, అన్నం కలిపి పెట్టిందీ, వీపు విమానం మోత మోగించిందీ ఆవిడే. ఒంటిపూట భోజనం, నెలకు నాలుగు ఉపవాసాలు. ఇన్నింటి మధ్యా తనకోసం మిగుల్చుకున్న సుఖం ఒక్కటే. పొద్దున్నే ఇత్తడి గ్లాసు నిండా కాఫీ. గింజలు తనే వేయించుకుని, తనే మరలో పొడి చేసుకుని, పెరటి గుమ్మంలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా తాగేది. ఆ పావుగంటలో ఇంట్లో దొంగలు పడ్డా, 'ఉండండి నాయనా, వస్తున్నా' అనేదే తప్ప లేచేది కాదు.

అరవైల్లో మాట. నేను బి.ఎ. ప్యాసై మూడేళ్లు అరుగుమీద కూర్చున్నాను. ఆ అరుగు అరిగిందే గాని నాకు ఉద్యోగం రాలేదు. చివరికి మాఘ పౌర్ణమి వెళ్లిన వారానికి రేపల్లె తాలూకాఫీసులో గుమాస్తాగా చేరమని ఉత్తరువు వచ్చింది. నాన్న ఆనందం పట్టలేక, "అక్కయ్యా, కాఫీ పెట్టు!" అన్నాడు.

"మీకు పెడతాను. నేను మాత్రం తాగను" అంది అత్తయ్య. "వీడికి ఉద్యోగమొస్తే కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్లి సముద్ర స్నానం చేస్తానని మొక్కుకున్నాను. అది తీరేదాకా కాఫీ ముట్టనన్నాను."

"దానికేం, రేపే వెళ్దాం పద. బాపట్ల ఎంత దూరమని?"

"రేపేంటిరా! పర్వదినం కాకుండా సముద్రాన్ని తాకుతారా ఎవరైనా? చదువు చెప్పే పంతులువి, ఆ మాత్రం తెలీదూ?"

"కార్తీకానికి ఇంకా తొమ్మిది నెలలుందే!"

"ఉద్యోగానికి మూడేళ్లు ఆగాం. కాఫీకి తొమ్మిది నెలలు ఆగలేనా?"

ఆగగలదు, ఆవిడకేం. ఆగలేనిది ఆవిడ తల. రెండో రోజునుంచే తలనొప్పి మొదలైంది. తడిగుడ్డ కట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఆవిడ ఎదురుగా కాఫీ తాగడానికి మాకు మొహం చెల్లక, నాన్నా నేనూ విడివిడిగా హోటలుకు పోయి, అక్కడ ఒకరికొకరు కనబడి, తలలు దించుకుని తాగి వచ్చేవాళ్లం. నవ్వులుండే ఇల్లు కాస్తా శవం లేచిన ఇల్లులా అయింది. ఇదంతా నా ఉద్యోగం తెచ్చిపెట్టిన భాగ్యం.

ఇక ఆ ఉద్యోగం సంగతి వినండి. తాలూకాఫీసు ఆవరణలో ఒక వానకొలత డబ్బా ఉండేది. పైన గరాటు, లోపల సీసా. పడిన వాన గరాటులోంచి సీసాలోకి దిగుతుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ సీసాలో నీళ్లు గీతలున్న కొలత గ్లాసులో పోసి, ఎంత పడిందో పుస్తకంలో రాసి, పై ఆఫీసుకు పంపాలి. కొత్తగా వచ్చినవాణ్ని కదా, ఆ పని నా మెడకు చుట్టారు. నేను చేరింది ఎండాకాలం ముందు. నెలలకు నెలలు 'వర్షం లేదు' అని రాయడమే నా ఘనకార్యం.

శనివారం సాయంత్రం రైలెక్కి తెనాలి వచ్చినప్పుడు మాత్రం ఈ ముక్క ఇలా చెప్పేవాణ్ని కాదు. "వాతావరణం చూస్తుంటానండి" అనేవాణ్ని, కాస్త ఆకాశంకేసి చూసి. పడిపోయిన వాన కొలిచేవాడికి పడబోయే వాన సంగతి ఏం తెలుస్తుందని ఒక్కరూ అడగలేదు. మీరైనా ఆ రోజుల్లో మా వీధిలో ఉండి అడిగుంటే నా బతుకు బాగుపడేది.

ఎదురింటి సీతమ్మ పిన్ని వచ్చేది. "మూర్తీ, రేపు వడియాలు పెట్టుకోవచ్చా నాయనా?"

"నిక్షేపంలా పెట్టుకోండి పిన్నిగారూ."

చైత్రమాసంలో వాన ఎందుకు పడుతుంది? వడియాలు ఎండాయి. వైశాఖంలో మాగాయ ముక్కలకు నన్నడిగారు, అవీ ఎండాయి. మూణ్నెల్లలో నాకు వీధిలో ఎంత పేరొచ్చిందంటే, పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లు పురోహితుడింటినుంచి తిన్నగా మా ఇంటికి వచ్చేవాళ్లు. వానాకాలంలో నాలుగు తప్పులు పోయాయనుకోండి, 'పైవాళ్లు లెక్క మార్చారు' అని తప్పించుకున్నాను.

కార్తీకం వచ్చింది. అత్తయ్యతోపాటు వీధిలో పదిమంది ఆడవాళ్లు సూర్యలంక ప్రయాణం కట్టారు. పొద్దున్న బండిలో బాపట్ల, అక్కణ్నుంచి జట్కాల్లో సముద్రానికి. సీతమ్మ పిన్నే పెద్ద. పులిహోర ఎవరు చెయ్యాలో, దీపాలకు అరటిదొప్పలు ఎవరు తేవాలో కూడా తేలిపోయింది. అత్తయ్య ముందువారమే కాఫీ గింజలు తెప్పించి డబ్బాలో పోసింది. రోజుకోసారి మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసేదిట. నాన్న చెబితే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

పౌర్ణమి రేపనగా పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి డబ్బా తెరిచాను కదా, సీసా పీకలదాకా నిండి ఉంది!

కొలిచాను. మళ్లీ కొలిచాను. ఐదంగుళాలు దాటింది. ముందురోజు సాయంత్రం నాలుగు తుంపరలు పడ్డమాట నిజమే. ఆ తరవాత నేను పడుకున్నాను. నేను పడుకుంటే పక్కన బాజాలు వాయించినా లేవను. ఐదంగుళాల వాన పడితే ఊళ్లో మోకాలి లోతు నీళ్లుండాలి గదా, నా చెప్పులకు బురదైనా అంటాలి గదా! ఆ మాట తడితే నేను నేనెందుకవుతాను? కళ్ల ముందున్న పొడినేలను కాదని సీసాను నమ్మాను. ఇది గాలివానేనని తేల్చేశాను. పుస్తకంలో అంకె రాసి, సెలవుచీటీ బల్లమీద పడేసి, రైలెక్కాను.

తెనాలిలో దిగేసరికి ఎండ పేలిపోతోంది. ఇంటిముందు ఆడవాళ్లంతా చేరి ఉన్నారు.

"ప్రయాణం మానుకోండి!" అన్నాను, వీధిలోంచే. "సముద్రం పొంగబోతోంది."

"ఇంత ఎండగా ఉంటే?" అంది సీతమ్మ పిన్ని.

"ముందర ఇలాగే ఎండ కాస్తుంది పిన్నిగారూ. అదే అసలు లక్షణం."

"మరి రేడియోలో ఏం చెప్పలేదే?"

"రేడియోవాళ్లకు చెప్పేది మేమే కదండీ!"

ఈ మాట అన్న నోటిని ఇవాళ్టికీ చెప్పుచ్చుకు కొట్టాలనిపిస్తుంది. ఆ దెబ్బతో పదిమందీ ఒక్కొక్కరే జారుకున్నారు. అత్తయ్య మాత్రం కదల్లేదు.

"ఒరేయ్ మూర్తీ, ఖాయంగా తెలిసే చెబుతున్నావా? తొమ్మిది నెలలైందిరా."

"నీ ప్రాణం కంటే కాఫీ ఎక్కువా అత్తయ్యా? నేను గవర్నమెంటువాణ్ని, ఊరికే చెబుతానా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నువ్వింత చదువుకుని చెబుతుంటే కాదంటానా?" అని లోపలికి వెళ్లిపోయింది. నమ్మింది, పిచ్చితల్లి.

పౌర్ణమినాడు ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. నా గొప్పతనం తెలియని పక్కవీధి వాళ్లు హాయిగా సూర్యలంక వెళ్లి, తడిజుట్లతో, సీసాల్లో సముద్రపు నీళ్లతో మా గుమ్మం ముందునుంచే తిరిగొచ్చారు. "ఎంత నెమ్మదిగా ఉందండీ సముద్రం! మా మనవరాలు కూడా కూర్చుని ఆడుకుంది" అని ఒకావిడ చెబుతుంటే, సీతమ్మ పిన్ని నాకేసి చూసిన చూపు వర్ణించడం నా తరం కాదు. అత్తయ్య నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మాఘ పౌర్ణమికి ఎన్నాళ్లుందిరా?" అని మాత్రం అడిగింది.

"మూడు నెలలు, అత్తయ్యా."

"సరేలే. మాఘ స్నానమూ విశేషమే. పురోహితుణ్ని అడిగి ఆ మొక్కు ఈ స్నానంతోనే తీర్చుకుంటాను." డబ్బాలో గింజలు సీతమ్మ పిన్నికి ఇచ్చేసి, తలకు తడిగుడ్డ కట్టుకుంది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను.

రేపల్లె తిరిగి వెళ్లగానే బంట్రోతు కోటయ్య ఎదురొచ్చాడు.

"బాబుగారూ, ఆ సీసాలో నీళ్లు పారబోశారాండీ? లోపల పాచి పట్టిందని, నిండా నీళ్లు పోసి నానబెట్టాను. మీకు చెబుదామంటే ఆవేళ కనపళ్లేదండి."

ఆ వాన తాలూకు సంజాయిషీ పై ఆఫీసుకు ఎన్ని పేజీలు రాశానో అడక్కండి. అది నా సొంత కష్టం, దానికి మీరు జాలిపడనక్కర్లేదు.

మాఘ పౌర్ణమి వచ్చింది. ఈసారి మా వీధివాళ్లు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేనే ఆగలేక, "మాఘంలో వానెక్కడిది? సముద్రం చెరువులా ఉంటుంది, చూడండి" అన్నాను. సీతమ్మ పిన్ని వెంటనే లోపలికి వెళ్లి గొడుగు తెచ్చుకుంది.

నాన్నతో సహా అందరం సూర్యలంకలో జట్కా దిగేసరికి ఆకాశం మసిగుడ్డలా ఉంది. చలిగాలి ఇసుకను తెచ్చి మొహాన కొడుతోంది. కెరటాలు ఒకదాని మీద ఒకటి విరిగి పడుతున్నాయి. స్నానాలకు వచ్చినవాళ్లంతా ఒడ్డునే చెంబులతో నీళ్లు పోసుకుంటున్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ సముద్రానికి నామీద ఏం పగో!

వల సర్దుకుంటున్న ఒక ముసలాయన అన్నాడు. "ఇయ్యాల కెరటం మంచిది గాదు బాబూ. లోపలికి లాగుతంది. ఒడ్డునే కానిచ్చెయ్యండి."

"అలాగే, చెంబుతో పోసుకుంటాలే" అంది అత్తయ్య.

అక్కడితో ఊరుకోవచ్చా, లేదా? ఏడాదిపాటు కాఫీ మానిన మనిషి చెంబెడు నీళ్లతో మొక్కు తీర్చుకుని వెళ్లాలా అని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఇది పెద్ద కెరటం కాదు అత్తయ్యా. గాలికి పైపైన లేస్తోందంతే. నేను ముందు దిగి చూపిస్తాను, నా వెనకాలే రా" అని పంచె ఎగ్గట్టి నడిచాను. మోకాళ్లదాకా వెళ్లాను. నడుందాకా వెళ్లాను. వెనక్కి తిరిగి, "చూశావా, ఏం లే..." అన్నాను.

'లేదు' అనడానికి నోరు ఖాళీ లేదు. ఉప్పునీళ్లు నిండాయి. కాళ్లకింద ఇసుక జారింది. పైనా కిందా ఒకటైపోయాయి. ఇక అయిపోయిందనే అనుకున్నాను. ఎవరో జుట్టు పట్టి ఈడ్చారు. కళ్లు తెరిస్తే ఇసుకమీద బోర్లా ఉన్నాను. ఆ ముసలాయనా, ఇంకో ఇద్దరూ నా వీపు చరుస్తున్నారు. నా పంచె సముద్రం తీసుకుంది. సీతమ్మ పిన్ని మొహం అటు తిప్పుకుని గొడుగు నామీద అడ్డం పెట్టింది.

అత్తయ్య తల నుంచి కాళ్లదాకా తడిసి నా పక్కన కూలబడి ఉంది. నన్ను పట్టుకోబోయి తనూ కెరటంలో పడి లేచిందట. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, నీ స్నానం అయిపోయింది. మొక్కు తీరిపోయింది!" అంది సీతమ్మ పిన్ని. అందరూ హమ్మయ్య అనుకున్నాం. నాన్న పరుగున వెళ్లి, ఒడ్డున వేసిన కాఫీ పాకలోంచి ఇత్తడి గ్లాసులో పొగలు కక్కే కాఫీ తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాడు. ఏడాది తరవాత! ఆవిడ రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. కళ్లు మూసుకుని వాసన పీల్చింది. తరవాత దాన్ని నా చేతిలో పెట్టింది.

"నువ్వు తాగు. వణికిపోతున్నావు."

"అదేంటి అత్తయ్యా! నీ మొక్కు తీరిందిగా?"

"ఆ మొక్కు తీరిందిరా. నువ్వు నీళ్లలో కనబడకుండా పోయావు చూడు, అప్పుడు ఇంకోటి మొక్కాను. నిన్ను ఒడ్డుకు చేరిస్తే కార్తీక పౌర్ణమికి మళ్లీ వచ్చి స్నానం చేస్తానని. అంతదాకా కాఫీ ముట్టనని."

నాన్న నెత్తి పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మళ్లీ కాఫీయే ఎందుకు మొక్కావు? వంకాయ లేదూ? కాకరకాయ లేదూ? ఏదో ఒకటి మానేస్తానంటే సరిపోయేది గదా!"

"నాకు ఇష్టం లేనిది ఇస్తానంటే ఆయన నిన్నెందుకు తిరిగి ఇస్తాడురా?" అంది అత్తయ్య, తడికొంగు పిండుకుంటూ.

నేను ఆ కాఫీ తాగాను. ఆవిడ చూస్తూ కూర్చుంది, తాగాను. పంచదార ఎక్కువే వేశారు.

ఆ గ్లాసు కింద పెట్టి, సముద్రం సాక్షిగా, గొడుగు చాటున నిలబడి, నేనూ ఒక మొక్కు మొక్కుకున్నాను: ఈ జన్మలో మళ్లీ వాన గురించి గాని, ఎండ గురించి గాని, కెరటం గురించి గాని నోరు తెరిచి ఒక్క మాట చెప్పనని. అత్తయ్య మొక్కు ఆ కార్తీకంతో తీరింది. నన్ను అడక్కుండా, నాకు తెలియకుండా, నేను రేపల్లెలో ఉన్నరోజు చూసి వెళ్లి, హాయిగా స్నానం చేసి వచ్చింది. నా మొక్కు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. నెత్తిన టపటపా చినుకులు పడుతున్నప్పుడు ఎవరైనా వచ్చి, "వాన పడుతోందాండీ?" అని అడిగినా, ఏమోనండి, నాకు తెలియదనే చెబుతాను.