పడవ రంగుల గ్రహపటం

విజయనగరంలో మా కంటి డాక్టరుగారి వరండాలో పాతకాలపు ఖగోళ పటం ఒకటి ఫ్రేము కట్టి పెట్టారు. మధ్యలో భూమి, చుట్టూ వలయాలు, వాటి మీద సూర్యుడూ చంద్రుడూ గ్రహాలూ. అచ్చం అలాంటిదే మా నాన్న భావనపాడులో మేం అద్దెకున్న ఇంటి అరుగు గోడ మీద వేశాడు. ఆయన డ్రాయింగు మాస్టారు. ఏదో పాత పుస్తకంలో చూసి, మేకుకి దారం కట్టి వలయాలు తిప్పాడు. మేకు పట్టుకున్నది ఎనిమిదేళ్ల నేను. ఆయన పోయాక వెతికితే, ఆయన చేతి గీత ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఆ గోడనైనా ఫొటో తీసి తెచ్చుకుందామని 2016 జూన్‌లో బయల్దేరాను.

పొద్దున్న ఆరుంబావుకి పాసింజరు. నౌపడకి పాతిక రూపాయల టికెట్టు. ఆముదాలవలసలో ఇడ్లీ తిన్నాను. ఎదురుగా ఖాళీ చేపల గంపతో కూర్చున్నావిడ నా సంగతంతా లాగి, "ఏటీ, గోడ సూడ్డానికి ఇంత దూరం ఎల్తన్నావా?" అని బుగ్గలు నొక్కుకుంది. నాకు సిగ్గేసింది.

తొమ్మిదిన్నరకి నౌపడలో దిగి భావనపాడుకి షేర్ ఆటో ఎక్కాను. సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే వారం. ఒడ్డున పడవలకి రంగులేస్తున్నారు. ఇల్లు ఇట్టే గుర్తుపట్టాను. పటం ఉంది! కానీ అది నాన్న వేసినట్టు లేదు. ఆకాశానికి పడవల నీలం, సూర్యుడికి పడవల ఎరుపు, వలయాలు వేలెడు లావు. ఓ మూల నాన్న వెయ్యని పిల్లలకోడి చుక్కలు, అదే కృత్తికలు, కూడా చేరాయి. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఇంటావిడ పోలమ్మకి నాన్న బాగా గుర్తు. నా మొహం చూసి అడక్కుండానే చెప్పింది. "మేస్టారి గీత కిందనే ఉన్నాదమ్మా. ఉప్పుగాలికి ఏటేటా రాలిపోతాది. పడవలకేసిన రంగు మిగిల్తే దాంతోనే దిద్దుతన్నాం. నేకపోతే ఈపాటికి ఏటి మిగిల్తాది?"

నలభై ఏళ్లుగా దిద్దుతున్నారట. ఆవిడ లోపల్నుంచి తెల్లరంగు డబ్బా, బ్రష్షు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ ఏడు సెందమామ ఒక్కడే ఉండిపోనాడు. నువ్వెయ్యి."

వేశాను. తర్వాత చేపల పులుసుతో కడుపు నిండా అన్నం పెట్టింది.

మూడున్నరకి తిరుగు బండి. ఎవరైనా వెళ్తే వేట నిషేధం ముగిసే ఆ వారంలోనే వెళ్లండి, ఊరంతా రంగు వాసనతో పండగలా ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని ఫొటో చూసుకుంటే, నా చంద్రుడు ఓ పక్క సొట్టపోయి ఉన్నాడు. నాన్న గీత కోసం వెళ్లి, దాని మీదే రంగు పూసి వచ్చాను. "ఇదేం గుండ్రమే?" అని తిట్టడానికి ఆయన ఉంటే ఎంత బాగుండును అనిపించి, తిలారు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.