ఒక్క జానే మిగిలింది

మొన్నామధ్య ఒక ఆదివారం మా అన్నయ్య కూతురు మాదన్నపేటలోని మా ఇంటికొచ్చి, కాఫీ అయినా ముట్టకుండా, పలకంత టాబ్లెట్ ఒకటి నా ఒళ్ళో పెట్టి, తనూ తన స్నేహితురాళ్ళూ కలిసి రెండేళ్ళుగా తయారు చేస్తున్న వీడియో గేమ్ అదేననీ, జనంలోకి వదిలే ముందు నేను ఆడి చూసి మంచీ చెడూ చెప్పాలనీ హుకుం జారీ చేసింది. "నీ కాలం గేమ్ లెక్కనే చేసినం అత్తా, మొహమాటపడకు, ఏది బాగలేదో గదే చెప్పు" అంది. 'నీ కాలం' అన్న మాటకు నాకు చుర్రుమంది. ఇంకా ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని, నా కాలం అప్పుడే అయిపోయిందా అని దులిపేద్దామనుకున్నాను గానీ, తెర వెలిగి, గళ్ళుగళ్ళుగా ఒక ఊరు లేచి నిలబడి, ఆ కీచుకీచుమనే పాట మొదలయ్యేసరికి నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

ముందు మంచి చెప్పుకుందాం. క్రాస్ స్టిచ్ కుట్టిన దిండు గలీబులా అంతా చిన్న చిన్న చదరాలే అయినా, పసుపు గౌను వేసుకున్న ఆ పిల్ల నవ్వుతోందో భయపడుతోందో ఇట్టే తెలిసిపోతోంది. పాతబస్తీ మిద్దెల మీది నుంచి మిద్దెల మీదికి, నీళ్ళ ట్యాంకులూ పావురాల గూళ్ళూ దాటుకుంటూ ఆ పిల్ల దూకుతూ పోతుంటే, మా పాత వీధిని ఎవరో మడత విప్పి చూపిస్తున్నట్టే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, బొత్తాం నొక్కగానే ఎగురుతుంది, ఎంతసేపు నొక్కితే అంత దూరం పోతుంది. ఈ మధ్య ఫోన్లలో వచ్చే ఆటల్లో మనం చెప్పేది ఒకటైతే అవి చేసేది ఇంకొకటి. ఇందులో చస్తే నా తప్పే, దాని తప్పు కాదు.

ఇక చెడు. అడుగడుక్కీ ఇక్కడ దూకు, అక్కడ వంగు అని బాణాలు వేసి చెబుతుంటుంది. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం వేళ చూపించే మిద్దెల్లో నీడ ఏదో సందు ఏదో నా కళ్ళజోడుకి అందలేదు. నడుమ వచ్చే మజిలీలు కొన్ని, వేరే కథ దొరకనప్పుడు సీరియల్ సాగదీసినట్టు, చూసిందే మళ్ళీ చూపిస్తాయి. ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎన్నిసార్లు కింద పడి చచ్చినా ఆ పిల్ల మళ్ళీ అదే మిద్దె మీద లేచి నిలబడుతుంది. ప్రాణాలకు లెక్కే లేదు. అదేమిటే అంటే, "మూడుసార్లు చస్తే జనం డిలీట్ కొట్టి పోతరు అత్తా, ఇప్పుడెవరికీ ఓపిక లేదు" అని నవ్వేసింది. నవ్వడానికి దానికేం, మా చిన్నప్పుడు ఒక్క ప్రాణం కోసం మేము పడ్డ పాట్లు దానికేం తెలుసు?

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బస్తీకొక వీడియో గేమ్ దుకాణం ఉండేది, ముందు ఒక మాసిన పరదా, లోపల మగపిల్లల లొల్లి. మా నాన్నగారు మా అన్నయ్యను చెవి పట్టుకుని అందులోంచి ఈడ్చుకొచ్చిన సందర్భాలున్నాయి గానీ, ఆడపిల్లలకు ఆ పరదా బయటి నుంచి పాట వినడమే గతి. నేను బడికి పోతూ చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ అక్కడ నిలబడి వినేదాన్ని. ఆ చెప్పులు ఎప్పుడూ ఎందుకు తెగుతాయని అమ్మ చెప్పుల దుకాణం వాడితో దెబ్బలాడింది కూడా, పాపం.

అయితే నాకు అదృష్టం కింద వాటాలోనే ఉంది. నాన్నగారి సర్కారు ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన మేము మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం, ఇంటివాళ్ళు కింద ఉండేవారు. ఇంటావిడను అందరం ఖాలా అని పిలిచేవాళ్ళం, ఆమె కూతురిని నేను ఆపా అనేదాన్ని. నాకంటే ఆరేడేళ్ళు పెద్దదైనా, సౌదీలో ఉన్న వాళ్ళన్నయ్య సెలవులకొచ్చినప్పుడు టీవీకి తగిలించే ఆట సెట్టు ఒకటి తెచ్చి ఇంట్లో వదిలి వెళ్ళాక, ఆపా, నేనూ ఒకే ఈడు వాళ్ళమైపోయాం. మధ్యాహ్నం భోజనాలయి ఖాలా నడుం వాల్చగానే ఇద్దరం టీవీ ముందు చాప పరిచేవాళ్ళం.

అందులో పచ్చ చొక్కా బుడ్డోడొకడు కోటల మీద కోటలు ఎక్కుతూ పోతాడు. చివరి కోటకు ఒక పెద్ద తలుపు, ఆ తలుపు వెనుక ఏముందో మా బస్తీలో చూసినవాళ్ళు లేరు. గొప్ప ఆటేమీ కాదు, ఇప్పుడు తలుచుకుంటే దాని లోపాలే ఎక్కువ. బొత్తాలు ఇరుక్కునేవి, గబ్బిలాలు ఎటు నుంచి వస్తాయో న్యాయం లేకుండా వచ్చేవి. అంతకంటే ఘోరం, దానికి జ్ఞాపకశక్తి లేదు. కరెంటు పోయిందా, మొదటి కోట నుంచి మళ్ళీ మొదలు. బుడ్డోడికి ఇచ్చేవి మూడు ప్రాణాలు, వాటిని ఆపా వాళ్ళ భాషలో జాన్ అనేది. అలా నాకూ అవి జాన్‌లే అయిపోయాయి. కష్టమైన చోటు రాగానే నేను "ఆపా, జర పార్ కరా" అని బొత్తాల పెట్టె ఆమె చేతికిచ్చేదాన్ని. ఆమె నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి దాటించి, మళ్ళీ నా చేతికిచ్చేది. దాటించిన చోటు నుంచి ఆడింది నేనే కాబట్టి గెలిచింది నేనేనని నా లెక్క, ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఇట్లా ఉండగా ఆపాకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు మాంఝా అని చేస్తారు, పెళ్ళికూతురికి పసుపు బట్టలు కట్టి ఇంట్లో కూర్చోబెట్టాక ఇక ఆటలూ పాటలూ ఆమె చుట్టూ సాగాల్సిందే తప్ప ఆమె ఆడటానికి ఉండదు. అత్తగారింటికి ఆ సెట్టు వెంట రాదు, వచ్చినా కొత్త కోడలు టీవీ ముందు చాప పరుచుకుని బుడ్డోణ్ణి దూకిస్తానంటే ఊరుకునే ఇల్లో కాదో ఎవరికి తెలుసు? మాంఝాకు ముందురోజు మధ్యాహ్నం ఆపా నా చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల ఆ తలుపు తీసి చూడకుంట పోతే నా పానం ఈడనే ఉంటదే" అంది. నవ్వుతూనే అంది గానీ, నా చెయ్యి వదల్లేదు. తన ఇష్టం కొద్దీ తాను చేస్తున్న పని అదొక్కటే మిగిలిందని నాకు ఆ వయసులో కూడా అర్థమైంది.

ఆ రోజు ఆమె ఆడినట్టు ఎవరూ ఆడగా నేను చూడలేదు. కోట తరువాత కోట దాటుకుంటూ పోయింది, కరెంటు కూడా దయతలచి ఊరుకుంది. చివరి కోటలో మెట్ల మీద ఒక గబ్బిలం తగిలి ఒక జాన్ పోయింది, తలుపు ఎదురుగా కనిపిస్తుండగా ఇంకొకటి పోయింది. ఉండబట్టలేక, "అయ్యయ్యో ఆపా, ఒక్క జానే మిగిలింది! ఇంక సరిపోదు, అయిపోయింది!" అని ఇల్లెగిరిపోయేలా కేక పెట్టాను.

కుట్టుపని తెలిసిన మా అమ్మ, ఖాలా అడిగినందుకు, పక్కగదిలో పెళ్ళికూతురి జరీ కుర్తీ కుడుతోంది. బట్ట పత్తర్‌గట్టి బజారులో ఏరికోరి తెచ్చింది, ఆ రంగు మళ్ళీ దొరకదని దుకాణం వాడు ముందే చెప్పాడట, చేతులకు గుడ్డ చాలుతుందో లేదోనని పొద్దున్నుంచీ అమ్మ సణుక్కుంటూనే ఉంది. ఆమెకు తెలిసిన జాన ఒక్కటే, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపితే వచ్చే కొలత. ఒక్క జానే మిగిలింది, సరిపోదు అన్న మాట చెవిన పడటంతోనే మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో, "ఎవరే నా గుడ్డ కోసింది!" అంటూ పరుగెత్తుకొచ్చింది. కాలికి వైరు తగిలింది. ప్లగ్గు ఊడి గచ్చు మీద పడింది. టీవీ నల్లగా అయిపోయింది.

ఆపా కాసేపు ఆ నల్లటి తెరను చూసి, తరువాత మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఖాలా నిద్ర లేచి వచ్చి, పుట్టిల్లు విడిచిపోతున్నందుకు బిడ్డ ఏడుస్తోందనుకుని, తానూ కళ్ళు తుడుచుకుంటూ వాటేసుకుంది. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చారు, వాళ్ళూ ఏడ్చారు. అసలు సంగతి తెలిసిన నేను ఎవరికి చెప్పను? అమ్మకు చెప్పాను. ఆమె ముందు బిత్తరపోయి, తరువాత నన్నే తిట్టింది. "ప్రాణాన్ని ప్రాణం అనాలి గానీ జానేమిటే, నా ప్రాణం తియ్యడానికి కాకపోతే!" అంది. ఆ రాత్రి కుర్తీ చేతులకు ఒక వరస జరీ ఎక్కువే కుట్టింది, ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆపా ఆ కుర్తీ వేసుకునే అత్తగారింటికి వెళ్ళింది. సెట్టు తరువాత ఎవరి చేతుల్లోనో పడి పాడైపోయింది. నేనూ మళ్ళీ ఆ తలుపు దాకా పోలేదు.

ఇదంతా విని మా మేనకోడలు టాబ్లెట్ నా దగ్గరే వదిలేసి, "గట్లయితే ఆమెతోని ఆడించు అత్తా, ఆమె ఏమంటదో నాకు కావాలె" అంది. ఆపా ఇప్పుడు చాంద్రాయణగుట్టలో ఉంటుంది, మనవరాలు కూడా ఉంది. మాదన్నపేట నుంచి అదెంత దూరం! అయినా ఎదురుపడితే పెళ్ళిళ్ళలోనే, అదీ బిర్యానీ పళ్ళెం చేతిలో ఉన్నంతసేపే. ఏమిటో, ఇద్దరికీ ఎప్పుడూ ఏదో ఒక పని. శనివారం సెలవు చూసుకుని, ఫ్లైఓవర్ దగ్గర బస్సు దిగి వాళ్ళింటికి వెళ్ళాను.

ఆపా కళ్ళజోడు సరిచేసుకుని, "అరె, ఇదేందే, మన మొఘల్‌పురా!" అని అరిచి, మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. మన పాతదానిలా కాదు, ఎక్కడ ఆపామో ఇది గుర్తుంచుకుంటుందని చెప్పాను. ఆ నాలుక బయటికొచ్చింది. బాణం గుర్తులు కనబడ్డప్పుడల్లా "తెలుసు తీయ్, మస్తు చెప్పొచ్చినవ్" అని దాన్ని తిట్టింది. నీడల దగ్గర నాలాగే తడబడింది. నాకు చేతకాని చోట నా చేతిలోంచి లాక్కుని, అడగకుండానే పార్ కరాయించింది. కోడలు చాయ్ తెచ్చి, ఈ ముసలివాళ్ళకు ఏమైందన్నట్టు చూసి వెళ్ళిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఆఖరి మిద్దె వచ్చింది. దాని చివర ఒక చిన్న తలుపు, తలుపు కింద సందులోంచి వెలుతురు. ఒక్క దూకు దూకితే అయిపోతుంది. పడ్డా ఏం కాదు, మళ్ళీ లేస్తుంది.

ఆపా బొత్తాం మీంచి వేలు తీసేసి, టాబ్లెట్ మూసి నా సంచిలో పెట్టింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చి ఆపుతావేంటి, ఆ రోజు ఎంత ఏడ్చావో మరిచిపోయావా అన్నాను. మరిచిపోలేదంది. "ఇది యాదుంచుకుంటది అన్నవ్ గద, ఏడికి పోదు" అంది. "ఇయ్యాల ఖతం చేస్తే నువ్వు మళ్ళ వస్తవా? వచ్చే శనివారం రా, తలుపు తీద్దాం."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. మేనకోడలికి ఆటలోని లోపాలన్నీ చెప్పాను గానీ, లెక్కలేనన్ని ప్రాణాల సంగతి మాత్రం అట్లాగే ఉంచమన్నాను. ఆ రోజుల్లో మా దగ్గర మధ్యాహ్నాలు బోలెడు ఉండేవి, ఆటే మా కోసం ఆగేది కాదు. ఇప్పుడు ఆట ఎన్నాళ్ళయినా ఆగుతానంటోంది, మాకే శనివారాలు దొరకడం లేదు. ఈ శనివారం మాత్రం దొరికింది, వెళ్తున్నాను.