రెండు తలుపుల గది

మా వీధిలో అందరం దూదేకులవాళ్ళం. పరుపులు, బొంతలు కుట్టి బతికేవాళ్ళం. మా వెనక వీధి గొర్రెలు కాసేవాళ్ళది. రెండు వీధులూ ఊరి చివర, శింగనమల చెరువు నీళ్ళు ఎన్నడూ ఎక్కని మెరక మీద ఉండేవి. రెండింటికీ నడుమ సన్నటి ఖాళీ జాగా. దానికి ఒక పక్క మనిషి ఎత్తు గుండ్లు, ఇంకొక పక్క ఎవరిదో కళ్ళం గోడ, మధ్యలో రెండు వీధుల చెత్తా పోసిన దిబ్బ. దిబ్బ అంచున ఒక కాలిబాట ఉండేది. మా ఆడవాళ్ళం ఆ బాటనే గొర్రెలవాళ్ళ వైపున్న బావికి పోయేవాళ్ళం. వాళ్ళ ఆడవాళ్ళు అదే బాటన మా వైపున్న అంగడికి వచ్చేవాళ్ళు.

ఆ జాగాలో ఒక గది కట్టుకోవచ్చునని మొదట చెప్పింది బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే గ్రామసేవిక. ఊళ్ళో ఆమెను బ్లాకమ్మ అనేవాళ్ళు. బస్సు దిగి నల్ల గొడుగు వేసుకుని నడిచి వచ్చేది. సిమెంటు, పైకప్పు బండలు, తలుపులు బ్లాకు ఇస్తుందని, జాగా ఇచ్చి పత్రికలకు చందా కట్టేది పంచాయతీ అని, రాయి, ఇసుక, రెక్కల కష్టం రెండు వీధులవీ అని ఆమె చెప్పింది. ఇంటికొకరు రావాలి. పగలు పత్రికలు చదువుకోవచ్చు, సాయంత్రం పెద్దవాళ్ళకు బడి, బిడ్డలకు సూదిమందు వేసే రోజున నీడ.

నేను ఐదో తరగతితో బడి మానేసి అప్పటికి కొన్నేళ్ళయింది. మా నాయన విల్లు భుజాన వేసుకుని అనంతపురం పోయి ఇళ్ళవాళ్ళ పరుపులకు దూది ఏకేవాడు. వచ్చేటప్పుడు వాళ్ళు పారేసే పాత వారపత్రికలు అడిగి తెచ్చేవాడు. ఆయనకు చదువు రాదు. చేతికందినవి తెచ్చేవాడు. అందుకని నేను చదివిన సీరియల్ కథలన్నీ నడిమధ్యలో మొదలై నడిమధ్యలోనే ఆగిపోయేవి. ఒక కథకు మొదలూ చివరా ఒకచోట చూసినదాన్ని కాదు. ప్రతి వారం వారపత్రిక వస్తుందని బ్లాకమ్మ అన్న రోజు నేను గోడ చాటున నిలబడి విన్నాను. ఆ రాత్రి, నాయన పట్నం నుంచి తెచ్చిన పాత డైరీలో ఆ ఒక్క మాటే రాసుకున్నాను.

పీర్ల పండుగకు తప్ప ఆ రెండు వీధులూ ఒకచోట చేరేవి కావు. దిబ్బ ఎత్తే పనిలో మొదటిసారి చేరాయి. మగవాళ్ళు గుట్ట దగ్గర రాయి కొట్టి మోసుకొచ్చారు. ఆడవాళ్ళం వంకలోంచి తట్టలతో ఇసుక మోశాం. గోడలు నడుము ఎత్తుకు లేచేసరికి తగాదా వచ్చింది. తలుపు ఎవరి వైపు పెట్టాలి?

మా పెదనాయన అన్నాడు, "రాళ్ళు ఎక్కువ మోసింది మా వీధోళ్ళు. వాకిలి మా వైపే ఉండల్ల."

గొర్రెలవాళ్ళ పెద్దమనిషి నవ్వాడు. "ఏమప్పా, దూది మోసే చేతులకు రాయి బరువు జాస్తిగానే కనపడతాదిలే. తూర్పు మా వైపుండాది. వాకిలి తూర్పుకే పెట్టల్ల."

"పొద్దు మీకొక్కరికే పుడతాదా మామా?"

బేల్దారి మేస్త్రీ తాపీ కింద పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. కొన్నాళ్ళు పని ఆగిపోయింది. చివరికి బ్లాకమ్మ బతిమాలి బ్లాకు నుంచి ఇంకొక తలుపు తెప్పించింది. ఆ వీధికొకటి, ఈ వీధికొకటి, ఎదురెదురుగా రెండు వాకిళ్ళు పెట్టారు. ఎవరి గౌరవం వాళ్ళకు మిగిలింది.

ఇంత తగాదాలోనూ ఒక సంగతి ఏ మగవాడికీ తట్టలేదు. గది జాగా అంతా పట్టేసింది. ఒక పక్క గుండ్లు, ఒక పక్క కళ్ళం గోడ. బావికి పోయే బాట గది కింద పడిపోయింది. నీళ్ళు మోసేది వాళ్ళు కాదు కాబట్టి ఆ బాట వాళ్ళకు కనిపించలేదు. పంతానికి రెండు తలుపులు పెట్టారు గనుక సరిపోయింది. లేకుంటే మేము వీధి చివరిదాకా పోయి, టీ హోటలు ముందు కూర్చున్న మగవాళ్ళందరి కళ్ళ ముందునుంచి బిందెలు మోసుకుని రావలసి వచ్చేది.

అలా మేము గదిలోంచి నడవడం మొదలుపెట్టాం. పడమటి వాకిలిలో ప్రవేశించి తూర్పు వాకిలిలో బయటపడేవాళ్ళం. చదువుకునే గదికి ఆడపిల్ల వచ్చిందని ఎవరూ అనలేదు, ఎందుకంటే నేను గదికి రాలేదు. బావికి పోతున్నాను.

మధ్యాహ్నం మగవాళ్ళు పనుల మీద పోయేవాళ్ళు. గదిలో మహా అయితే ఒక ముసలాయన తువ్వాలు ముఖాన కప్పుకుని చల్లటి బండల మీద నిద్రపోతుండేవాడు. మేజా మీద దినపత్రిక, వారపత్రిక ఉండేవి. ఎవరూ ఎత్తుకుపోకుండా వాటిని పురికోసతో మేజా కాలికి కట్టారు. నేను నిండు బిందె చంకన పెట్టుకుని ఊపిరి తీసుకునేదానిలా ఆగి ఒక పేజీ చదివేదాన్ని. ఇంటికి పోయి బిందె కుమ్మరించి మళ్ళీ వచ్చి ఇంకొక పేజీ. మేజా ముందు బల్ల ఉన్నా, దాని మీద కూర్చోవడానికి మాత్రం ధైర్యం చాలేది కాదు. కూర్చుంటే బావికి పోతున్నట్లు కాదు గదా.

మొదటిసారిగా ఒక సీరియల్‌ను మొదటి భాగం నుంచి చదివాను. భర్త ఊరు వదిలి పోతే పట్నంలో బట్టలు కుట్టి బతికే ఒక మనిషి కథ అది. ప్రతి వారం ఆమె ఏమైందోనని నేను నీళ్ళు మోశాను.

మా అమ్మ అనేది, "గాబు నిండింది గదే. ఇంకా యాడికి పోతాండావు?"

"మునగచెట్టుకు పోస్తానమా."

"పొద్దున్నించీ దానికే పోస్తాండావు. అది ఎండకు కాదు, నీ నీళ్ళకు సస్తాది."

అంతకుమించి ఏమీ అనేది కాదు.

ఆ కథ చివరి భాగం వచ్చిన వారం నాకు బాగా గుర్తు. మొదటి బిందెతో మొదటి పేజీ చదివాను. ఆ మనిషి బస్టాండులో నిలబడి ఉంది, దూరంగా ఎవరో వస్తున్నారు. పేజీ తిప్పడానికి భయమేసి, దాచుకుని తినే పిల్లలా, రెండో బిందెకు ఉంచుకున్నాను. మళ్ళీ వచ్చేసరికి గొర్రెలవాళ్ళ వైపు తలుపులోంచి మంద లోపలికి వచ్చి ఉంది. గొర్రెల్లో కలిసి వచ్చిన ఒక మేక మేజా మీద ముందుకాళ్ళు వేసి నములుతోంది. దాని నోట్లోంచి పురికోస వేలాడుతోంది.

నిద్ర లేచిన ముసలాయన, "పోనీలే పాపా, అదన్నా సదువుకోనీ," అన్నాడు.

మా నాయన ఆ తర్వాత అనంతపురంలో ఆ సంచిక కోసం చాలా ఇళ్ళలో అడిగాడు. నేను చెప్పిన అట్టబొమ్మలా ఉందని ఏదో పాత సంచిక తెచ్చాడు. ఆ కథ ఎలా ముగిసిందో నాకు ఈనాటికీ తెలియదు.

మేక మేసినందుకు సభ పెట్టారు. ఒక తలుపు మూసి గోడ కట్టేయాలన్నారు. ఏ తలుపన్నదే మళ్ళీ తగాదా.

"మేకలు వచ్చింది మీ వాకిట్లోంచి. మీదే మూయల్ల," అన్నాడు పెదనాయన.

"మీ వాకిలి తీసింటే గదా గాలికి కాయితాలు ఎగిరేది. మీదే మూసుకోండి," అన్నాడు గొర్రెల పెద్దమనిషి.

ఆడవాళ్ళం పడమటి వాకిలి బయట గుమిగూడి ఉన్నాం. ఏ తలుపు మూసినా నా దారి పోతుంది. రేపటినుంచి టీ హోటలు ముందునుంచే నీళ్ళు. ఆ మేజా దగ్గర నేను ఇక ఆగలేను. బ్లాకమ్మ మా వైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అని అడిగింది. ఆమె చూపు నా మీద ఒక క్షణం నిలిచింది. ఎన్నడో నన్ను మేజా దగ్గర చూసి ఉంటుంది. చెప్పవలసిన మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. తల వంచుకుని కొంగు చివర నలుపుతూ ఉండిపోయాను.

నా వెనకనుంచి మా అమ్మ గొంతు వినిపించింది. మా అమ్మ మగవాళ్ళ ముందు మాట్లాడే మనిషి కాదు.

"ఆ తలుపు మూస్తే ఏమి, ఈ తలుపు మూస్తే ఏమి? నీళ్ళకు యాడనుంచి పోవల్ల మేము? ఇసుక తట్టలు మోసినపుడు మా తలకాయలు పనికొచ్చినాయి. గది కట్టినపుడు బావికి దారి యాడ అని ఒక్క మొగోడన్నా అడిగినాడా?"

తూర్పు వాకిట్లోంచి గొర్రెలవాళ్ళ ఇంటి ఆడమనిషి ఒకామె తొంగి చూసి, "మాకు అంగడికీ అదే దారి కదక్కా. మొగోళ్ళకు బెల్లమూ చింతపండూ నడుసుకుంటా ఇంటికొస్తాయనుకున్యారేమో," అంది. ఆడవాళ్ళు నవ్వారు. మా పెదనాయన కూడా మీసాల కింద నవ్వుకున్నాడు.

"మేకలొస్తే?" అన్నాడు గొర్రెల పెద్దమనిషి.

"తడికలు కట్టండి," అంది మా అమ్మ. "మూసేది తీసేది మేము చూసుకుంటాము. మా వైపుది మా పిల్ల చూస్తాది. అది యాలంతా నీళ్ళకు ఆ దారినే తిరుగుతాంటాది."

ఆమె చదువు మాట ఎత్తలేదు. నీళ్ళ మాటే చెప్పింది. ఇంటికి వచ్చాక కూడా ఎత్తలేదు. మునగచెట్టు వైపు చూసి, "కాయ బాగా దిగుతాది ఈసారి," అంది. అంతే. మా అమ్మకు అక్షరం రాదు.

రెండు వాకిళ్ళకూ కంప తడికలు వచ్చాయి. మా వైపు తడికను, ఎవరు వచ్చిపోయినా మళ్ళీ మూసి ఉంచే పని నాది అయింది. ఎవరూ లేని గదిలో కొంచెం ఎక్కువసేపు ఉండడానికి నాకు పని దొరికింది. కొత్త సీరియల్ మొదలైంది. అది సగంలో ఉండగా నా పెళ్ళయింది.

ముదిగుబ్బలో మా అత్తగారి ఇంటి ముందే బావి. బిడ్డ సుఖపడిందని మా ఊళ్ళో అందరూ అన్నారు. నిజమే. చేద వేస్తే గడపలోకి నీళ్ళు. కానీ బిందె ఎత్తుకున్న ప్రతిసారీ నడవడానికి దూరం లేదే అని నాకు బెంగగా ఉండేది. ఇట్లాంటి బెంగ ఎవరితో చెప్పుకోవాలి? నీళ్ళ కోసం మైళ్ళు నడిచే సీమలో, బావి దూరంగా లేదని ఏడ్చే ఆడదాన్ని చూసి నవ్వరా? శనక్కాయల పొట్లాల కాయితాలు విప్పి చదివేదాన్ని. మళ్ళీ అన్నీ నడిమధ్యలో మొదలై నడిమధ్యలో ఆగిపోయే కథలే.

వానలు లేని ఏడు ఒకసారి పుట్టింటికి పోయాను. బస్సు దిగి వీధిలోకి రాగానే తెలిసింది. బావి ఎండిపోయింది. మా వీధి మొదట్లోనే పంచాయతీ బోరింగు వేయించింది. గొర్రెలవాళ్ళ వైపు వేరే బోరింగు, వేరే అంగడి. గదిలోంచి నడిచే పని ఎవరికీ లేదు. బ్లాకమ్మ వేరే ఊరికి బదిలీ అయి పోయిందట. మా వైపు తడికను తీగతో కట్టేశారు. తడిక సందుల్లోంచి మేజా కనిపిస్తోంది. దాని మీద ఏవో పత్రికలు. గది ముందు కొత్తగా వేసిన రచ్చబండ మీద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వట్టి చేతులతో ఆ తడిక విప్పి లోపలికి పోయే ధైర్యం నాకు రాలేదు. ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక గడపలో కూర్చుని గది వైపే చూస్తున్నాను. మా అమ్మ లోపలినుంచి ఇత్తడి బిందె తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, నా ఒడిలో పెట్టింది.

"బావి ఎండిపాయ గదమా," అన్నాను.

"నేనడిగినానా నీళ్ళు?" అంది. "బిందె చంకనుంటే యాడికి పోతాండావని ఎవురడుగుతారు? పో."

ఖాళీ బిందె చంకన పెట్టుకుని వీధిలోకి దిగాను. రచ్చ మీదివాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ మాటల్లో పడ్డారు. తీగ విప్పి తడిక జరిపాను. గది చల్లగా ఉంది. పురికోస కట్టిన వారపత్రికలో ఏదో సీరియల్ నడుస్తోంది, ఎన్నో భాగమో. మేజా ముందు బల్ల ఖాళీగానే ఉంది. కూర్చుందామా అనుకున్నాను. బిందె దించకుండా, నిలబడే చదవడం మొదలుపెట్టాను.