పావురాల పథ్యం

పొలాల మీద పావురాలు ఎక్కడ దిగుతాయో వెతకడం నాకు బాగా వచ్చు. అమెరికా వచ్చాక నేర్చుకున్న విద్యల్లో డ్రైవింగ్ తర్వాత అదే. రెజ్యూమేలో రాసుకోవడానికి పనికిరాదు, నలుగురిలో చెప్పుకోవడానికి అంతకంటే పనికిరాదు.

2009 ఏప్రిల్‌లో మా ఆయనకి పక్షవాతం వచ్చింది. నలభై రెండేళ్ల మనిషి. పొద్దున ఆఫీసుకి తయారవుతూ చొక్కా గుండీ పెట్టుకోలేక నన్ను పిలవబోయారు, మాట ముద్దగా వచ్చింది. హాస్పిటల్లో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు గానీ మూతి ఒక పక్కకి పోయింది, కుడిచేయి పడిపోయింది. ఒళ్లో పెడితే ఒళ్లో, దిండు మీద పెడితే దిండు మీద. మొదటి కొన్ని నెలలూ థెరపీ మానకుండా చేయిస్తేనే చేయి వస్తుంది, ఇప్పుడు వదిలేస్తే అలాగే ఉండిపోవచ్చు అని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది.

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, రెండు వీధుల అవతలే ఉండేవారు. మా అందరికంటే ముందొచ్చిన మనిషి కాబట్టి మా ఊరు కమ్మింగ్‌లో తెలుగువాళ్లు ఇల్లు కొనాలన్నా, అన్నప్రాసనకి ముహూర్తం పెట్టాలన్నా ఆయన్నే అడుగుతారు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. వైద్యం ఇంకా బాగా తెలుసు.

"నరం చచ్చిపడుంటే దాన్ని లాగి పీకితే ఏమొస్తుందమ్మా? ముందు నరంలో వేడి పుట్టాలి. పావురాయి మాంసం పెట్టు. మన వైపు దాంతో ఎంతమంది లేచి తిరగలేదు!" అన్నారు.

ఎవరు లేచి తిరిగారో మాత్రం చెప్పలేదు. పావురం రక్తం చేతికి పట్టించాలని కూడా అన్నారు గానీ అది నా ఇంట్లో జరగదని చెప్పేశాను.

థెరపీలో మా ఆయనకి భుజం దగ్గర ప్రాణం పోయేంత నొప్పి. అందుకని అన్నగారి మాట ఆయన చెవికి తేనెలా తగిలింది. మర్నాడు కారెక్కనని భీష్మించుకు కూర్చున్నారు. నేను డాక్టరు చెప్పింది చెప్పాను, బతిమాలాను, అరిచాను, చివరికి ఏడ్చాను. "అన్నయ్య... చెప్పాడుగా," ఇదొక్కటే జవాబు. పదిహేనేళ్లు కాపురం చేశాక నా మాట విలువ ఎంతో ఆ వారంలో తెలిసింది.

ఇక లాభం లేదని బావగారి దగ్గరికే వెళ్లాను. "పావురాలు నేను తెచ్చి వండి పెడతాను. మీరు ఆయన్ని థెరపీకి వెళ్లమని చెప్పండి," అన్నాను. దానికి ఆయన, పథ్యం నడుస్తున్నంత కాలం నరానికి బలం ఉంటుంది కాబట్టి థెరపీ చేయించుకోవచ్చని సెలవిచ్చారు. ఒక్క వారం పథ్యం తెగినా థెరపీ ఆపేయాలి. పైగా బజార్లో కొన్న పక్షి పనికిరాదట. పొలాల్లో తిరిగి గింజ తిన్న పక్షే కావాలట. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మొత్తం నా నెత్తిన పడింది.

మా పక్కింట్లో రిటైరైన స్కూల్ బస్ డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. వేట అంటే ఇష్టం. పెరట్లో కరెంటు తీగ మీద వాలే పావురాల్ని కొట్టిపెట్టగలవా అని అడిగితే నవ్వాడు. "అవి పావురాలు కావు, డవ్స్, గువ్వలు. ఇప్పుడు వాటి సీజన్ కాదు, కొడితే నేరం. రైతుల బార్న్‌లలో, ఆ గడ్డీ గింజా దాచే కొట్టాల్లో, కాపురముండే పావురాలైతే ఎవరూ ఏమీ అనరు, రైతు ఒప్పుకుంటే చాలు. కానీ నా మోకాళ్లు పోయాయి. ఎక్కడ దిగుతున్నాయో నువ్వు వెతుకు, పర్మిషన్ నువ్వే అడుగు. కాల్చిపెట్టడం నా పని," అన్నాడు.

మే నెలంతా అదే పని. పొద్దున్నే మా ఆయన్ని థెరపీలో దింపి, కారు ఉత్తరం వైపు తిప్పి, ఊరు దాటి పొలాల్లో పడేదాన్ని. మొదట్లో నేల మీద వెతికాను. దుక్కి రంగులో పావురం కనిపిస్తుందా, నా మొహం! తర్వాత తెలిసింది, చూడాల్సింది ఆకాశాన్నని. ఒక పక్షి ఎటు పోయినా లెక్క కాదు. దాని వెనక రెండోదీ మూడోదీ అదే చెట్టు మీదుగా అదే వంపు తిరిగి వెళ్తే అది వాటి దారి. ఆ దారి కింద కారు పోనిస్తే చివర్న కొత్తగా మొక్కజొన్న వేసిన చేను ఉంటుంది. అప్పుడు ఆ రైతు ఇల్లు వెతుక్కుని, చుడీదార్‌లో గుమ్మం ముందు నిలబడి, మీ చేలో పావురాలు కాల్చుకోవచ్చా అని అడగాలి. ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, ఎందుకు అంది. మా ఆయన చేయి లేవడానికి అని చెప్పడానికి నోరు రాలేదు. సూప్‌కి అన్నాను. విత్తనాలు ఏరుకు తింటున్నాయి, అన్నీ కాల్చుకుపో అంది.

ప్రతి శనివారం పక్కింటాయన కంచె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని కాల్చేవాడు, నేను దుక్కిలో పరిగెత్తి ఏరేదాన్ని. ఇంకా వెచ్చగా ఉన్న పక్షిని సంచిలో వేస్తుంటే దాని మీద జాలి కలగాలి కదా. నాకు కలిగింది బావగారి మీద కోపం. ఈకలు పీకి, మిరియాలేసి చారులా కాచి ఇస్తే మా ఆయన కళ్లు మూసుకుని తీర్థంలా తాగేవారు. ఎండలో పడి తిరుగుతున్నావే అని ఒక్కనాడు అన్నది లేదు.

జూన్ మొదట్లో మొక్కజొన్న ఎత్తయింది. పక్షులు మాయమయ్యాయి. నాకు తెలిసిన చేలన్నీ తిరిగాను, రెక్క కనపడలేదు. అప్పటికి థెరపీలో మా ఆయన బొటనవేలు కొంచెం ఆడుతోంది. శనివారం వట్టి చేతులతో వస్తే సోమవారం ఆయన కారెక్కరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే అన్న, ఆ మూడు కాళ్లనీ కళ్లకద్దుకునే తమ్ముడు. శుక్రవారం ఒక బార్న్ ఎదురుగా, చర్చి పార్కింగ్‌లో కారాపి కూర్చున్నాను. పోలీసాయన వచ్చి, ఏం చూస్తున్నారు మ్యామ్ అన్నాడు. పావురాల్ని అన్నాను. అబద్ధమనుకున్నాడు, లైసెన్స్ అడిగాడు. అతను అది చూస్తుండగానే పైనుంచి నాలుగు పావురాలు రోడ్డు దాటి కుడివైపు వంపు తిరిగాయి. కార్డు తిరిగి చేతికి రాగానే వాటి వెనకే పోయాను. అప్పుడే కోసిన గోధుమచేను, రాలిన గింజల మీద గుంపు గుంపంతా అక్కడే ఉంది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. దేవుడు కనపడినా అంత ఏడ్చేదాన్ని కాదేమో.

సోమవారం మా ఆయన కారెక్కారు. ఆ తర్వాత కూడా ఎక్కారు. వేళ్లు కదిలాయి, మణికట్టు తిరిగింది, వేసవి అయ్యేసరికి మోచేయి లేచింది.

బావగారింట్లో సత్యనారాయణ వ్రతానికి ఊళ్లో తెలుగువాళ్లందరూ వచ్చారు. భోజనాల ముందు బావగారు గొంతు సవరించుకుని, అమెరికన్ డాక్టర్లు వదిలేసిన కేసుని మన పావురాయి ఎలా లేపిందో చెప్పారు. ఏ పక్షి, ఎలా వండాలి, ఎన్ని వారాలు, అన్నీ చెప్పారు. సొమ్మొకడిది సోకొకడిది. థెరపీ మాట రాలేదు, నా మాట అసలే రాలేదు. అంతలో మా ఆయన కుర్చీలోంచి లేచి, కుడిచేయి వణుకుతూ వణుకుతూ పైకి తెచ్చి, ఎడమచేతికి ఆనించి, అన్నగారికి దణ్ణం పెట్టారు. అంత ఎత్తుకి ఆ చేయి లేవడం అదే మొదటిసారి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, నా కారణం వేరు.

ఇంటికి వస్తుంటే కారులో, "అన్నయ్య లేకపోతే ఏమైపోయేవాణ్ణో," అన్నారు.

"మరి నాకు పెట్టలేదేం దణ్ణం?"

"నీకెందుకు? నువ్వు నా మనిషివి కదా," అన్నారు ఆశ్చర్యంగా.

"మీ అన్నగారు ఎవరి మనిషి మరి?"

నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని గట్టిగా నవ్వారు. నవ్వితే మూతి వంకర పోవడం లేదు. అది ముందు గమనించినదాన్నీ నేనే, ఆ కోపంలో దానికి సంతోషించాల్సి వచ్చినదాన్నీ నేనే.