ఏడుతో పోయే పడవ

గోరంతను కొండంత చేయడం నాకలవాటని ముందే ఒప్పుకుంటున్నాను. నిన్న యానాం రేవులో ఒక పడవ నంబరు చూడగానే రెండువేల మూడులో మా ఐదో తరగతి గుర్తొచ్చింది.

మూడంకెలు అదే వరుసలో రెండుసార్లు వచ్చే సంఖ్య చెప్పమన్నారు లెక్కల మాస్టారు. నాన్న వేటపడవ నంబరు 271271 గర్వంగా చెప్పాను.

"ఇలాంటిదేదైనా ఏడుతో పోతుందిరా. భాగించు."

శేషం రాదని ఆయన భావం. ఆ సాయంత్రం పడవెక్కేది సరిగ్గా ఏడుగురు.

"పోదండి."

"ఏం, ఎందుకు పోదురా?"

"అందులో మా నాన్నున్నాడండి."

తాటిచెట్టంత బెత్తం విరిగింది. అరచేతులు బూరెల్లా పొంగినా సుద్దముక్క ముట్టలేదు. సాయంత్రం రేవులో అడ్డంగా పడుకుంటే, నాన్న నవ్వి ఎనిమిదో మనిషిని ఎక్కించుకున్నాడు.

ఆ ఎనిమిదో మనిషి నా కల్పన. ఏడుగురే వెళ్లారు, ఏడుగురూ తిరిగొచ్చారు. ఆ భాగహారం మాత్రం నేను ఈరోజుకీ చెయ్యలేదు.