గంగవ్వ ఇచ్చిన గింజలు

ఈ ఉదయం ల్యాబులో చిన్న డబ్బా మూత తీయగానే ఎండిన వడ్ల వాసన వచ్చింది. ఏసీ చలిలో నిలబడి ఉన్నదాన్ని ఒక్కసారిగా మా ఊరు బాన్సువాడలో, మా కల్లంలో ఉన్నాను. గంగవ్వ గుర్తొచ్చింది.

గంగవ్వ మా పొలంలో పనిచేసేది. వడ్లు ఆరాయో లేదో తేల్చేది ఆమే. గింజను కొరికితే టక్కుమనాలి, అప్పుడే ఆరినట్టు. ఇంటర్ సెలవుల్లో ఒకసారి నేను అన్నీ తెలిసినదానిలా పైగింజ కొరికి, "ఆరినయి, సంచులకు ఎత్తుండ్రి" అన్నాను. ఆమె కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక గింజ తీసి నాకిచ్చింది. పంటికింద మెత్తగా నలిగింది. "పైన సూసి చెప్తే ఎట్ల బిడ్డా? లోపల సూడాలె" అంది. నాకు ఫిజిక్సు చెప్పిన సార్లందరూ ఆమె తర్వాతే.

ఉద్యోగంలో చేరాక ఆమెకు మా సింక్రోట్రాన్ గురించి చెప్పాను. "పెద్ద గుండ్రటి గొట్టంల ఎలక్ట్రాన్లు ఉరుకుతయి అవ్వా. వంపు తిరిగినప్పుడల్లా వెలుగు ఇడుస్తయి. గా వెలుగుల గింజ లోపల ఇనుము ఎక్కడున్నదో గూడ కనబడతది."

"గంత పెద్ద మిషిను ఒక్క గింజ సూసెతందుకా?" అని ముక్కున వేలేసుకుంది. లోపలికి వెళ్లి చిన్న మూట తెచ్చింది. "గివి నా మడిలయి. ఏమున్నదో సూసి చెప్పు. మర్వకు."

మర్చిపోలేదు, అదే నా బాధ. నెలల తరబడి ఎదురుచూస్తే ఆ వెలుగు మాకు కొన్ని గంటలు దొరుకుతుంది. మొదటిసారి ప్రాజెక్టు గింజలన్నీ ముందు పెట్టి, ఆమెవి చివర్లో పెట్టాను. అక్కడిదాకా వచ్చేలోపే మా వంతు అయిపోయింది. ఫోన్లో "సూసినవా బిడ్డా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "ఫికర్ చెయ్యకు, గింజ యాడికి పోతది?" అంది.

గింజ ఎక్కడికీ పోలేదు. ఆ ఏడు నాట్లు పడకముందే గంగవ్వ పోయింది.

ఇవాళ ఆమె గింజనే ముందు పెట్టాను. తెర మీద ఇనుము పొట్టుకింది పొరలో సన్నగా, మొలకెత్తే మూల చిక్కగా కనిపించింది. నడుమంతా దాదాపు ఖాళీ. లోపల చూడమన్నావు కదా, అంతా పైనే ఉంది చూడు అని ఆమెను ఉడికించాలనిపించింది. ఎంత కొట్లాడేదో! ఆ కొట్లాట కావాలనిపించింది. వరుసలో ఎవరి గింజ ముందు పెట్టాలో ఇప్పుడు నాకు తెలుసు. ఆమె పోయాకే నేర్చుకున్నాను.

ల్యాబులో ఏదీ నోట్లో పెట్టకూడదు. మిగిలిన గింజల్లో ఒకటి పట్టుకుని బయట మెట్ల మీదికి వచ్చి కొరికాను. టక్కుమంది.

"సూసిన అవ్వా" అన్నాను.